నామమును సాధారణీకరణమును: ప్రాగ్ యూదు చిత్రసంగ్రహమును గూర్చిన విమర్శ

భవభూతి ఉత్తరరామచరితమున ప్రథమాంకమందలి చిత్రదర్శన ఘట్టము విద్యార్థులందఱును ఎఱిగినదే. రాముని పూర్వచరిత్రమంతయు చిత్రింపబడియుండ, లక్ష్మణుడు ఒక్కొక్క చిత్రమును చూపుచు వివరించును. సీతారాములు తాము అనుభవించినదానినే మరల చూచుచు కన్నీరు పెట్టుదురు. అచ్చట చూచువారు వేఱు, చిత్రింపబడినవారు వేఱు కారు. దుఃఖము గడచినది, దుఃఖించినవారు సజీవులై చిత్రముల యెదుట నిలిచియున్నారు. ఆ ఘట్టమును నాటకశాలయందు చూచు సామాజికునకు కలుగునది రసము. సీతకు కలుగునది లౌకికమగు శోకము. ఈ భేదమును మన ఆలంకారికులు చక్కగా నిరూపించియున్నారు.

అయితే చిత్రించినవారు లేక, చిత్రింపబడిన యిల్లును వాకిలియు లేక, చిత్రము మాత్రము మిగిలినచో, దాని యెదుట నిలిచిన సహృదయునకు కలుగునది ఏమి? అది రసమా, శోకమా, లేక ఈ రెంటికంటె భిన్నమగు మఱియొకటియా? నాజీల పాలనలో, ముఖ్యముగా 1941 నుండి 1945 వఱకు, ఐరోపాలోని యూదులలో సుమారు 60 లక్షలమంది హతులైరి. ఆ హతుల చేతులనుండి వెలువడిన చిత్రములను భద్రపఱచిన ప్రదర్శనశాలలు నేడు పెక్కు దేశములలో కలవు. వానిని చరిత్రకారుల సొత్తుగా నెంచి సాహిత్య విమర్శకులు తొలగియుండుట తగదని మా యభిప్రాయము. ఏలయన, అవి లేవదీయు ప్రశ్న మన రసచర్చయందలి మూలప్రశ్నలలో నొకటియే. అనగా, విశేషమును విడువనిదే రసము సిద్ధింపదా? విడిచినచో ఆ విశేషమునకు మనము చేయు అపచారమెట్టిది? ఈ వ్యాసమున మేము ప్రాగ్ నగరమందలి యూదు ప్రదర్శనశాలను ప్రధానోదాహరణముగా గైకొని ఈ ప్రశ్నను పరిశీలింతుము.

1

ప్రాగ్ యూదు ప్రదర్శనశాల 1906లో స్థాపితమైనది. అప్పటికి ఆ నగరమున పాత యూదులపేట పునర్నిర్మాణము పేరిట కూల్చబడుచుండెను. పడగొట్టబడిన ప్రార్థనాలయములలోని పూజాద్రవ్యములు చెదరిపోవునను భయముతో సాలమన్ హ్యూగో లీబెన్ అను చరిత్రకారుడు దీనిని నెలకొల్పెను. కావున ఈ సంస్థ పుట్టుకయే వినాశమునకు ప్రతిక్రియగా జరిగినదని గమనింపవలెను. 1939 మార్చి 15న నాజీసేనలు ప్రాగ్‌ను ఆక్రమించెను. 1942లో అచ్చట కేంద్ర యూదు ప్రదర్శనశాల యను పేర నూతన సంస్థ ఏర్పడెను. బొహీమియా, మొరావియా ప్రాంతములందలి యూదులను రైళ్ళపై తరలించిన పిమ్మట, ఊరూర ఖాళీయైన ప్రార్థనాలయములనుండి తోరా చుట్టలు, వెండిపాత్రలు, జరీతెరలు, గ్రంథములు ప్రాగ్‌కు చేరెను. వానిని విభజించి, ఒక్కొక్క వస్తువునకు సూచికాపత్రము వ్రాసి, అది ఏ యూరినుండి వచ్చినదో నమోదు చేసినవారు యూదు పండితులే. వారిలో పెక్కుమంది తమ పని ముగియకమునుపే తరలింపబడి హతులైరి. ఆ నిపుణులలో హానా వొలావ్కోవా మాత్రము జీవించి బయటపడి, యుద్ధానంతరము ఆ సంస్థకు అధ్యక్షురాలయ్యెను.

ఈ సంస్థను గూర్చి ఒక మాట లోకమున మిక్కిలి వ్యాప్తమైయున్నది. అంతరించిన జాతికొక ప్రదర్శనశాలను నిర్మింపవలెనని నాజీలు దీనిని సంకల్పించిరని ఆ మాట. వినుటకు అది మిక్కిలి నాటకీయముగానున్నది. కావుననే పుస్తకమునుండి పుస్తకమునకు ప్రాకినది. కాని తరువాతి పరిశోధకులు ఈ వాక్యమునకు తగిన సమకాలిక లేఖ్యాధారము కలదా యని ప్రశ్నించి, దీనిని సంశయదృష్టితో చూచుచున్నారు. సంస్థను విస్తరింపవలెనను ప్రయత్నము యూదు ఉద్యోగులనుండి వచ్చినదనియు, నాజీ అధికారులు తమ ప్రయోజనములు తమకుండ దానికి అనుమతించిరనియు చెప్పుట సమంజసము. ఈ సవరణ స్వల్పమైనది కాదు. మొదటి కథనములో ఆ పండితులు శత్రువు చేతి పనిముట్లు మాత్రమే. రెండవదానిలో వారు మృత్యువు వాకిట నిలిచియు తమ జాతి సంపదను, దాని ఊరు పేరులతో సహా, రక్షింప బూనిన పరిష్కర్తలు. వారు వ్రాసిన సూచికాపత్రములే తరువాతి తరములకు ఆధారములైనవి. 1964లో 1,564 తోరా చుట్టలు ప్రాగ్‌నుండి లండనునకు చేరినప్పుడు, వానిలో పెక్కింటికి స్వస్థలమును చెప్పగల్గినది ఇట్టి నమోదే.

తాళపత్ర గ్రంథములతో పరిచయముగల మన విద్యార్థులకు ఈ పనియొక్క విలువను వేఱుగ చెప్పనక్కఱలేదు. ఏ ప్రతి ఏ యూర దొరకినది, వ్రాసినవాడెవడు అను వివరము నశించిన ప్రతికిని, ఆ వివరముగల ప్రతికిని ఎంత భేదమున్నదో పాఠపరిష్కరణము చేసినవారు ఎఱుగుదురు.

2

ఈ సంస్థయందలి సంగ్రహములలో లోకప్రసిద్ధమైనది టెరెజీన్ బాలల చిత్రసంచయము. టెరెజీన్ ప్రాగ్‌నకు ఉత్తరమున నున్న కోటపట్టణము. ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫ్ 18వ శతాబ్ది చివర దానిని కట్టించి తల్లి మరియా థెరీసా పేరు పెట్టెను. 1941 నవంబరునుండి నాజీలు దానిని యూదుల నిర్బంధస్థలముగా మార్చిరి. సుమారు 1,40,000 మంది అచ్చటకు చేర్చబడిరి. వారిలో సుమారు 33,000 మంది అచ్చటనే ఆకలిచేతను రోగములచేతను మరణించిరి. సుమారు 88,000 మంది అచ్చటనుండి తూర్పున నున్న మారణశిబిరములకు పంపబడిరి.

1942 డిసెంబరులో అచ్చటికి తేబడినవారిలో ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అను చిత్రకారిణి యొకతె. ఆమె 1898లో వియన్నాలో జన్మించెను. యోహనెస్ ఇట్టెన్‌నొద్ద శిష్యురాలై, ఆయనవెంట వైమార్ నగరమందలి బౌహౌస్ విద్యాలయమునకు పోయి, అచ్చట చిత్రకళను, నేతను, ముద్రణకళను అభ్యసించెను. టెరెజీన్‌లో బాలబాలికల గృహములందు ఆమె చిత్రలేఖనము నేర్పినది. శాస్త్రీయమగు పాఠశాల నిషిద్ధమైన ఆ స్థలమున చిత్రలేఖనపుముసుగున జరిగినది నిజముగా విద్యయే. లయాభ్యాసములు, వస్తువులను చూచి గీయుట, ప్రసిద్ధ చిత్రముల నమూనాలను చూచి కూర్చుట, చింపిన కాగితపుముక్కలను అతికి రూపకల్పన చేయుట మొదలగునవి ఆమె బోధనాపద్ధతిలోనివి. దొరకిన కాగితములు కార్యాలయములలో వాడి పాఱవేసినవి. కొన్ని చిత్రములలో పువ్వుల రేకులనడుమ, కొండల వాలునందు, ముద్రిత పత్రముల గళ్ళును అంకెలును నేటికిని కానవచ్చును.

విషయములను బట్టి చూచినచో ఈ చిత్రములలో అధికభాగము నిర్బంధమును గూర్చినవి కావు. ఇండ్లు, తోటలు, పండుగనాటి భోజనపుబల్ల, ఓడలు, జంతువులు, కథలలోని రాజకుమార్తెలు విస్తారముగా కలరు. నడుమనడుమ మూడంతస్తుల మంచములు, వరుసలుగట్టి నిలిచిన జనులు, కావలివారు కానవత్తురు. శోకమును వెదకుకొనుచు వచ్చిన ప్రేక్షకుడు మొదట కొంత నిరాశపడును. బాలిక పువ్వును గీసినది, అది పువ్వే. అందు మరణసూచన కలదని వ్యాఖ్యానించుట వ్యాఖ్యాత ఉత్సాహమే గాని చిత్రమునందలి ధ్వని కాదు. ధ్వనివాదులు వ్యంగ్యార్థమునకు వాచ్యమునందు బీజముండవలెనని నియమించిరిగదా. ఆ నియమమును ఇచ్చట సడలించుట, బాలిక గీసిన పువ్వును ఆమెనుండి మరల లాగికొనుటయే యగును.

అయితే ఈ చిత్రములయందు ఒక విశేషము కలదు. వీనిలో అధికభాగమునందు ఒక మూల బాలుని లేక బాలిక పేరు, తఱచుగా వయస్సో తరగతియో గృహసంఖ్యయో వ్రాయబడియున్నది. ప్రతిబిడ్డయు తన చిత్రముపై తన పేరును తానే వ్రాయవలెనని ఆ ఉపాధ్యాయిని నియమము. మనుష్యుని రవాణాసంఖ్యగా మార్చిన స్థలమున ఈ నియమమునకు గల అర్థము స్పష్టము. 1944 అక్టోబరులో ఆమె ఆష్విట్జ్‌నకు పంపబడి అచ్చట హతురాలయ్యెను. పోవుటకుముందు ఆమె చిత్రములను రెండు పెట్టెలలో దాచియుంచెను. 1945 ఆగష్టులో, బాలికల గృహమునకు అధ్యక్షుడుగా పనిచేసిన విల్లీ గ్రోగ్ ఆ పెట్టెలను ప్రాగ్ యూదు సమాజమునకు అప్పగించెను. సుమారు 4,500 చిత్రములు. వానిని గీసిన సుమారు 660 మంది పిల్లలలో దాదాపు 550 మంది హతులైరి. ఈ లెక్క మనకు తెలియుటకు మూలలందు వ్రాసిన ఆ పేర్లే కారణము. పేరును పట్టుకొని తరలింపుపట్టికలతో సరిచూచినందుననే ఏ బిడ్డ బ్రదికినదో, ఏ బిడ్డ బ్రదుకలేదో తేలినది.

మన కావ్యములందలి ఆశ్వాసాంత గద్యతో దీనికొక పోలిక కలదు. ఆంధ్ర మహాభాగవతమున పంచమస్కంధము గంగనదనియు, షష్ఠస్కంధము సింగనదనియు, ఏకాదశ ద్వాదశ స్కంధములు నారయవనియు మనము నిశ్చయముగా చెప్పుచున్నాము. ఆ గద్యలు లేకున్నచో అన్నియు పోతన పేరిటనే చెల్లి, మిగిలిన మువ్వురు కవులును లుప్తులై యుందురు. గద్యను రసదృష్టితో చదువువారు లేరు; అది పద్యమునకు శోభ కూర్పదు. అయినను అది లేనిచో కవి లేడు. టెరెజీన్ చిత్రపు మూలనున్న పేరు అట్టి గద్య.

3

ఇచ్చటనే మాకును సాధారణీకరణ సిద్ధాంతమునకును చిక్కు ఏర్పడుచున్నది. భట్టనాయకుడు ప్రతిపాదించి అభినవగుప్తుడు పరిష్కరించిన ఈ సిద్ధాంతము ప్రకారము, విభావాదులు వ్యక్తిసంబంధమును విడిచి సాధారణములైనప్పుడే రసాస్వాదము కలుగును. స్వగత పరగతములగు దేశకాలవిశేషములలో చిక్కుకొనుటను అభినవగుప్తుడు రసవిఘ్నములలో నొకటిగా పరిగణించెను. శాకుంతలమున పరుగిడు లేడి భయము ఆ లేడిది మాత్రమే కాక, దేశకాలములకు అతీతమగు భయమైనప్పుడు భయానకరసమగును. సిద్ధాంతము సుందరము, నాటకవిషయమున అఖండనీయము.

కాని బాలల చిత్రముల విషయమున ప్రదర్శనశాలలును, ప్రచురణకర్తలును, ఉపాధ్యాయులును తెలిసియో తెలియకయో ఈ సాధారణీకరణమును సామాజికునకు విడువక తామే ముందుగా చేసి పెట్టుచున్నారు. పేరును చిన్న అక్షరములలోనికి త్రోసి, లేక పూర్తిగా విడిచి, హతుడైన బాలుడు అను ఒక సామాన్య మూర్తిని మన యెదుట నిలుపుచున్నారు. కరుణ శీఘ్రముగా కలుగును, శీఘ్రముగానే తీఱును.

దీనివలన కలుగు ప్రమాదమునకు ఒక దృష్టాంతము. 1959లో ప్రాగ్ ప్రదర్శనశాల టెరెజీన్ చిత్రములను కవితలను కొన్నింటిని గ్రంథముగా ప్రకటించెను. అది తరువాత పెక్కు భాషలలోనికి పోయెను. ఆ గ్రంథమును ప్రపంచప్రసిద్ధము గావించినది సీతాకోకచిలుకను గూర్చిన ఒక కవిత. దానిని పాఠశాలలందు ఒక పసిబాలుని రచనగా చదివించుట పరిపాటియైనది. కాని దాని కర్త పావెల్ ఫ్రీడ్‌మన్ 1921 జనవరిలో జన్మించెను. కవితపై నున్న తేదీ 1942 జూన్ 4. అనగా రచనాకాలమునాటికి ఆయన 21 ఏండ్ల యువకుడు. 1944లో ఆష్విట్జ్‌లో హతుడయ్యెను. పేరును తేదీని చూచినవారికి ఈ సంగతి తెలియకపోదు. చూడనివారు ఆ కవితను అమాయకపు బాలవాక్కుగా చదివి కన్నీరు కార్చిరి. వారు చదివినది ఫ్రీడ్‌మన్ కవిత కాదు. తమ జాలి కల్పించిన మఱియొక కవిత. యువకుడొకడు ఎఱిగి, ఎంచి, మితవాక్కుతో నిర్మించిన రచనను శిశువు పలుకుగా చేయుట ఆ కవియొక్క కవిత్వమునే హరించుట. ప్రాణమును శత్రువులు హరించిరి. కర్తృత్వమును మిత్రులు హరించిరనవలసివచ్చుచున్నది.

కరుణ అసత్యమునుండి పుట్టినను కరుణయే గదా, ఫలము మంచిదే గదా యని కొందఱు వాదింపవచ్చును. ఈ వాదమును మేము అంగీకరింపము. ఈ మారణకాండయే జరుగలేదని వాదించువారు నేటికిని కలరు. ఒక చిన్న తప్పు దొరకినచో దానిని పట్టుకొని మొత్తమును కల్పనయనుట వారి పద్ధతి. అట్టివారి యెదుట ఉద్వేగము నిలువదు. పేరు, తేదీ, స్థలము నిలుచును. ఇచ్చట పాఠశుద్ధి పండితుల వినోదము కాదు. అది మృతులపట్ల నెఱవేర్పవలసిన విధి.

4

అయినచో కళాస్వాదమునకు ఈ చిత్రములయందు తావే లేదా? ఉన్నది. మా వాదమునకు ఎదురుదృష్టాంతమువలె కనుపించు ఒక కృతిని పరిశీలించినచో అది విశదమగును. షార్లొట్ సాలమన్ 1917లో బెర్లిన్‌లో జన్మించిన చిత్రకారిణి. ఫ్రాన్సు దక్షిణతీరమున తలదాచుకొని 1940 మొదలు 1942 వఱకు ఆమె వందలకొలది చిత్రములను గీసెను. వానిలో 769 పుటలను ఏర్చి, వాక్యములను సంగీతసూచనలను చేర్చి, "జీవితమా? నాటకమా?" అను అర్థముగల పేర ఒక కృతిగా కూర్చెను. మూడు మూలవర్ణములతోనే అంతటి కృతి నడచినది. దానిని ఒక వైద్యునికి అప్పగించి, 1943 అక్టోబరులో ఆమె ఆష్విట్జ్‌లో హతురాలయ్యెను. బ్రదికియున్న తండ్రియు మారుతల్లియు 1971లో ఆ కృతిని ఆమ్‌స్టర్‌డామ్ యూదు ప్రదర్శనశాలకు ఒసగిరి.

ఈ కృతియందు ఆమె తన కుటుంబపు పేర్లను తానే మార్చినది. సాలమన్ వంశము కాన్ వంశమైనది. మారుతల్లికి వేఱొక హాస్యనామము పెట్టబడినది. విశేషమును దాటి నాటకీయమగు సామాన్యమునకు పోవు ప్రయత్నము కర్త్రియే బుద్ధిపూర్వకముగా చేసినది. కథలో ప్రధానాంశము తరలింపులు కావు. కుటుంబమున తరతరముల ఆత్మహత్యలు, ప్రేమ, సంగీతము, చిత్రకారిణి తన్ను తాను కనుగొనుట. దీనిని కేవలము మారణకాండకు సాక్ష్యపత్రముగా ప్రదర్శించుట ఆ కృతికి అన్యాయము. ఇచ్చట సహృదయుడు రసమునే కోరవచ్చును.

కావున మా సిద్ధాంతము సాధారణీకరణమునకు విరుద్ధము కాదు. అది కవి చేయవచ్చును. చదువరి హృదయమున జరుగవచ్చును. నడుమనున్న పరిష్కర్తకు, ప్రదర్శకునకు, ఉపాధ్యాయునకు మాత్రము ఆ యధికారము లేదు. వారి పని విశేషమును చెడకుండ అందించుట. సాలమన్ మార్చిన పేర్లను మార్చినట్లే, టెరెజీన్ బిడ్డ వ్రాసిన పేరును వ్రాసినట్లే నిలుపుట యను రెండును ఒక్క నియమమే.

5

ఈ నియమము ప్రతి చిక్కును విప్పునని మేము చెప్పజాలము. డీనా గాట్లిబోవా అను యూదు చిత్రకారిణి ఆష్విట్జ్‌లో బందీగానుండి, నాజీ వైద్యుడు మెంగెలె ఆజ్ఞచేత రోమాజాతి బందీల ముఖచిత్రములను గీసెను. ఆ పనియే ఆమె ప్రాణమును, తల్లి ప్రాణమును నిలిపినది. వానిలో ఏడు చిత్రములు ఆష్విట్జ్ ప్రదర్శనశాలకు చేరినవి. 1970 ప్రాంతములలో ఆ సంగతి తెలిసి, ఆమె తన చిత్రములను తనకిమ్మని కోరెను. అవి నేరమునకు సాక్ష్యములు గావున నేరము జరిగిన చోటనే యుండవలెనని సంస్థ నిరాకరించెను. 2009లో ఆమె మరణించువఱకు వివాదము తీఱలేదు.

చిత్రములపై ఆమె సంతకము కలదు. కావున కర్తృత్వము సందేహరహితము. కాని చిత్రింపబడిన ముఖములు ఆమెవి కావు. ఆ రోమా స్త్రీపురుషులలో చాలమంది పేర్లును మనకు తెలియవు. వారి తరఫున అడుగుటకు ఎవ్వరు వచ్చిరి? చిత్రకారిణి వాదమునందును, సంస్థ వాదమునందును న్యాయము లేకపోలేదు. పేరుగల ఇరువురు వాదించుచుండ, పేరులేనివారు చిత్రమునుండి చూచుచున్నారు. పేరు ఎవరిదో తేల్చినంత మాత్రమున వస్తువు ఎవరిదో తేలదని ఈ వివాదము నేర్పుచున్నది. అయినను పేరులేమి యెంతటి నష్టమో దీనికంటె బాగుగ చెప్పు ఉదాహరణము మఱియొకటి లేదు.

6

ప్రాగ్‌లోని పింకాస్ ప్రార్థనాలయమున, బాలల చిత్రములు ప్రదర్శింపబడు భవనముననే, క్రిందిగోడలపై బొహీమియా, మొరావియా ప్రాంతముల హతులలో సుమారు 80,000 మంది పేర్లు చేతితో వ్రాయబడియున్నవి. వాక్లావ్ బొష్టీక్, యీర్జీ యోన్ అను చిత్రకారులు 1954 నుండి 1959 వఱకు ఆ పనిని నిర్వహించిరి. అందు బొమ్మ లేదు, అలంకారము లేదు, ఊరు, ఇంటిపేరు, పేరు, తేదీలు మాత్రమే. భూమిలోని చెమ్మ గోడలకెక్కి 1968లో భవనము మూతపడెను. ఇరువదియేండ్లకు పైగా తెఱవబడలేదు. ఆ వ్రాత నశించెను. 1992 మొదలు 1996 వఱకు అన్ని పేర్లును మొదటినుండి మరల వ్రాసిరి.

ఒక ప్రతి శిథిలమైనప్పుడు మఱియొక ప్రతిని ఎత్తి వ్రాయుట మన లేఖకులు శతాబ్దములుగా చేసిన పనియే. అందు నూతనత్వము లేదు. లేఖకునకు కీర్తి లేదు. చూచువానికి వెంటనే రసమును లేదు. గోడముందు నిలిచినవాడు ఒక పేరును చదువును, తరువాతి పేరును చదువును. ఎన్నటికిని అన్నింటిని చదువలేడు. చదువలేననియే అతనికి తెలియును. రసము విశ్రాంతియందు పర్యవసించునని శాస్త్రము. ఇచ్చట విశ్రాంతి లేదు. ఈ యనుభవమును కరుణరసమని పిలుచుటకంటె, రసమునకు ఈవలిగట్టున నిలిచిపోయిన శ్రద్ధయని పిలుచుట యుక్తమని మాకు తోచుచున్నది. ఆలంకారికులు దీనికి పేరు పెట్టలేదు. వారికి ఇట్టి గోడ యెదురుపడలేదు.

భవభూతి చిత్రదర్శనమున ఒక చిన్న ఘట్టము కలదు. లక్ష్మణుడు వివాహచిత్రమునందలి వారిని వరుసగా చూపుచు, సీతను, మాండవిని, శ్రుతకీర్తిని పేర్కొని, సిగ్గుచేత ఊర్మిళను విడిచిపోవును. సీత నవ్వుచు చిత్రముపై వ్రేలుంచి, ఈమె యెవరని అడుగును. అది పరిహాసమే, అయినను చిత్రమున నున్న ఒక్క మూర్తియైనను పేరు లేక దాటిపోరాదని ఆ ప్రశ్న. వ్యాఖ్యాతలు దీనిని సరససంభాషణముగా విడిచిరి. చిత్రములను చూపువారికందఱకును ఆ ప్రశ్న వర్తించునని మేము భావించుచున్నాము.